దీవికి పోవలసిన పళ్ళెం

పసిఫిక్ సముద్రంలో ఒక దీవి ఉంది. ఏలేది యూరోపులోని ఒక దేశం. దీవి పేరు మాకు నోరు తిరగదు కాబట్టి ఎమ్మిగనూరులోనూ ఆదోనిలోనూ అందరం ‘ఆ దీవి’ అనే అంటాం. అక్కడికి పోవాలంటే ఏమేం కావాలో నన్ను అడగమని మా సావుకారి పదిమందికీ చెబుతుంటాడు. నేను అక్కడికి పోలేదు. ఏడో తరగతితో బడి మానేసి, ఆదోనిలో ఆయన పత్తి, వేరుశనగల మండీలో గుమాస్తాగా చేరి, లెక్కలు అక్కడే నేర్చుకున్నాను. ఏ లెక్కయినా రెండుసార్లు కట్టందే నోరు విప్పను. ఆ దీవి సంగతీ అట్లాగే నేర్చుకున్నాను. సరదాకు మాత్రం కాదు.

ఎమ్మిగనూరులో మా ఇంటికి రెండిళ్ళ అవతల గోనెగండ్ల నుంచి వచ్చిన ఒకామె ఉంటుంది. వారమంతా కూలికి, ఆదివారం చర్చికి పోతుంది. ఆమె భర్త బొంబాయి హోటళ్ళలో వంట నేర్చుకుని, సరుకుల ఓడలో వంటవాడుగా చేరాడు. ఓడలో జబ్బు చేస్తే ఆ దీవి ఆసుపత్రిలో దించారు.

“అన్నా, నువ్వు కంప్యూటర్ సూస్తావు గదా. ఆడికి యెట్ల పోవల్లో సూసి సెప్పు” అని వచ్చింది. ఆమెకు పాసుపోర్టు అప్పటికే ఉంది. ఎప్పటికైనా ఓడ చూపిస్తానని మొగుడు ముందే చేయించి పెట్టాడు.

మండీ మూసినాక కూర్చుని వెతికాను. సముద్రం ఏ నెలలో తేటగా ఉంటుంది, నీళ్ళలోకి దిగేటప్పుడు కాళ్ళకు ఏం తొడుక్కోవాలి, సాయంత్రం భోజనానికి ఏ బట్టలు బాగుంటాయి, అంతా ఇదే. జబ్బుపడిన మొగుణ్ణి చూడబోయే కూలిమనిషి కోసం ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. ఆ సరదా కబుర్లలోంచే పనికొచ్చేవి ఏరుకున్నాను. ఏలే దేశం వీసా ఉంటే చాలదు, ఆ దీవికి చెల్లుతుందని దాని మీద విడిగా రాసి ఉండాలి. దారిలో విమానం మారే దేశంలో బయటికి అడుగు పెట్టకపోయినా ఆ దేశం అనుమతి వేరే తీసుకోవాలి. వాళ్ళ గడియారం మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది, ఆసుపత్రికి ఫోను చేయాలంటే మన పొద్దున్నే చేయాలి.

ఇవన్నీ సరిగానే ఉన్నాయి. ఆమెను ఆపింది ఇవి కాదు, పేర్లు.

మా వైపు చర్చికి పోయే కూలి కుటుంబాల్లో చాలామందికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మంలో పెట్టిన పేరుతో ఇంట్లో, చర్చిలో పిలుస్తారు. బడిలో రాయించిన పాత దేవుళ్ళ పేరు కాగితాల మీద ఉంటుంది. కులం సర్టిఫికెట్ పోతుందన్న భయంతో దాన్ని మార్చరు. ఊళ్ళో దీనివల్ల ఎవరికీ చిక్కులేదు. వీళ్ళ పెళ్ళి చర్చిలో జరిగింది, చర్చి పుస్తకంలో ఇద్దరివీ చర్చి పేర్లే. పాసుపోర్టుల్లో కాగితం పేర్లు. హైదరాబాదులో వీసా కౌంటరు దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఈ పెళ్ళి మీది అనడానికి రుజువేదీ, రిజిస్టరు చేయించుకుని రండి అన్నారు. రిజిస్ట్రారు ఆఫీసుకు నేనూ వెంట పోయాను.

“ఇద్దరూ రావాలమ్మా, సంతకాలు పెట్టాలి.”

“ఆయప్ప ఆడ మంచాన పడుంటే ఈడికి యెట్ల వస్తాడు సారూ?”

“అయితే ఆయన వచ్చినాకే రాండి.”

ఆయన రాలేదు. ఆమె ఇంకా కాగితాలు పట్టుకుని తిరుగుతుండగానే పోయాడు. ఓడవాళ్ళు అక్కడే పూడ్చిపెట్టి, ఫోనుకు ఒక ఫోటో పంపారు. చెక్క శిలువ, దాని మీద కాగితం పేరు. ఆమె ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

“ఈ పేరేందన్నా శిలువ మీద? దేవుడు ఈ పేరు పెట్టి పిలిస్తే ఆయప్పకు తెలుస్తాదా?”

అప్పటినుంచి ఆమెకు పట్టుకున్నది ఆ ఒక్కటే: మొగుడి తల దగ్గర అతని అసలు పేరు ఉండాలి.

ఆ తర్వాత మండీలో సరుకు కొనే ఒక కంపెనీ మా సావుకారిని, ఇంకొందరు వ్యాపారులను కుటుంబాలతో సహా ఆ దీవికే విహారయాత్రకు తీసుకుపోతానంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, “ఏమప్పా, ఆ దీవి సంగతి నీకు బాగా తెలుసంట గదా” అన్నాడు. వాళ్ళ వీసాలు అడ్డేమీ లేకుండా వచ్చేశాయి. నేను జాగ్రత్తలు చెప్పాను. విత్తనాలు, పూలు, పండ్లు, మట్టి అంటిన చెప్పులు దిగనివ్వరు. తినేది ఏదైనా దిగగానే దాచకుండా చూపించాలి. ఇంగ్లీషు అంతగా నడవదు. ఆదివారం బస్సులు తక్కువ, అంగళ్ళు మూసి ఉంటాయి.

ఈ సంగతి తెలిసి ఆమె నన్ను వెంటబెట్టుకుని స్టీలు సామాన్ల అంగడికి పోయింది. పెళ్ళిళ్ళకు చదివించే గిన్నెల మీద పేర్లు చెక్కేది అక్కడే. ఒక పళ్ళెం కొని, మొగుడి చర్చి పేరు చెక్కమంది.

“ఎవురి పెండ్లికి తల్లీ? పెండ్లికూతురి పేరు కూడా చెక్కేదా?” అన్నాడు చెక్కేవాడు.

“పెండ్లికి గాదులే. ఒక్క పేరే సాలు. అంచుకు రెండు బొక్కలు పెట్టు, తీగ పట్టేటట్ల.”

స్టీలు పళ్ళేనికి ఆ దీవిలో అభ్యంతరం లేదని నేను ముందే చూసి పెట్టాను. సావుకారి పళ్ళేన్నీ తీగనూ తీసుకుని, “దీనిదేముందమ్మా, శిలువకు తీగతో సుట్టేదే గదా, నేను పెడతాలే” అన్నాడు. వాళ్ళ హోటలు నుంచి శ్మశానానికి దారి గీసి, గేటు ఎప్పుడు మూస్తారో రాసి ఇచ్చాను. ఆమె ఆయనకు చేతులు జోడించింది.

వాళ్ళు అక్కడ ఉండగానే మండీకి వేరుశనగ వచ్చింది. హమాలీ శాంపిల్ పోసి తెచ్చిన పళ్ళెం కొత్తగా మెరుస్తోంది. కొనేవాడు గింజలు పిడికిట్లోకి తీసుకుంటుంటే అడుగున అక్షరాలు బయటపడ్డాయి.

“ఇది యాడిదిరా?” అని హమాలీని అడిగాను.

“సావుకారమ్మ ఇచ్చిందన్నా, ఊరికి పోయేముందు. పెట్టెలోంచి తీసి, మండీలో వాడుకోండి అనె.”

ఫోను చేశాను. తెర మీద సావుకారి, ఆయన వెనక నీలం సముద్రం.

“యేం జేసేదప్పా, ఇంట్లో ఒప్పుకోల్యా. సంతోషంగా పోయేటప్పుడు గోరీల సామాను ఏంటికి అనె. పెట్టినామని సెప్పెయ్, ఆయమ్మ సంతోషపడతాది. యెవురు పోయి సూసేది?”

నిజమే, చూసేవాళ్ళు లేరు. అంత దూరం నుంచి అబద్ధాన్ని పట్టుకునే దారి ఆమెకు లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది.

“పెట్టినారా అన్నా? ఫోటో పంపినారా?”

లోపలికి పోయి పళ్ళెం తెచ్చి ఇచ్చాను. కడిగే తెచ్చాను కానీ అక్షరాల గీతల్లో ఎర్రటి పొట్టు ఇంకా ఉంది. ఆమె గోటితో గీరింది.

“దీంట్లో యేం పోసినారు?”

“బుడ్డలు. వేరుశనగ శాంపిల్‌కు.”

“తిన్యారా యెవురన్నా?”

“లేదమ్మా. సూసి మళ్ళీ మూటలో పోసినారు.”

“తినింటే బాగుండు. ఆయప్ప వండి పెట్టేటోడు గదా” అంది. పళ్ళేన్ని కొంగుతో తుడిచి నా చేతికే తిరిగి ఇచ్చింది. “నీ దెగ్గరే పెట్టుకో. పోయేటోళ్ళు నీ దెగ్గరికే గదా వచ్చేది.”

సావుకారి తిరిగొచ్చి అందరికీ చాక్లెట్లు పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. పళ్ళెం మాట ఆయన ఎత్తలేదు.

ఇప్పుడు దీవి గురించి ఎవరు వచ్చినా, ముందు పళ్ళేన్ని బల్ల మీద పెట్టి, తీసుకుపోతారా అని అడుగుతాను. శ్మశానం దారి, గేటు మూసే వేళ చెబుతాను. వీసా సంగతి, విమానం సంగతి ఆ తర్వాతే. ఒకాయన అక్షరాల మీద వేలు పెట్టి చదివి, “ఇదంతా మాకేంటికప్పా, బీచ్ యాడుందో సెప్పు సాలు” అన్నాడు. వేరే వాళ్ళను అడుక్కోమన్నాను. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఆమె మాత్రం ఆదివారాలు చర్చి నుంచి పోతూ మా గుమ్మం దగ్గర ఆగుతుంది. నేను తల అడ్డంగా ఊపుతాను.