ఇటలీ కారుకు పొట్టేలు నడుము

హొన్నూరప్ప చేతులకు వంపు కావాలి. వల్లూరు సోలార్ పార్కులో ఆయన రోజూ కడిగే పలకల్లో అదొక్కటే దొరకదు. కనుచూపు మేరా చదునే. భార్య కరియమ్మ పైపు పడుతుంది, ఆయన తుడుస్తాడు. ఒక్కోసారి అరచెయ్యి పలక అంచు దాటి, గాల్లో ఏదో గుండ్రటిదాన్ని నిమిరి వస్తుంది. ఎవరైనా చూస్తే చప్పున తల గోక్కుంటాడు.

ఇరవై ఏళ్లు బెంగళూరులో కార్ల రేకు సొట్టలు తీసే టింకరింగ్ చేసిన మనిషి. ఆఖరి పని ఒక ఇటలీ కారు. ఇద్దరే పట్టే ఆ కారులో తన రెండు కుక్కలకూ చోటు కావాలన్నాడు దాని యజమాని. వెనక భాగం కోసేసి, తమ వైపు నాగలమడిక ఏటి ఇసుక నింపిన తోలుసంచి మీద అల్యూమినియం రేకు పరిచి, కొయ్యసుత్తితో ఎనిమిది నెలలు కొట్టి, దానికి కొత్త వీపు కట్టాడు హొన్నూరప్ప. ఆ తర్వాత షెడ్డు మూతపడితే ఊరికి తిరిగొచ్చాడు.

"నీ పొట్టేలు నడుమే దానికి పెట్టినా మే," అంటాడు భార్యతో. పెళ్లికి పుట్టింటివాళ్లు ఆమెకిచ్చిన పొట్టేలది. బెంగళూరు పోయేటప్పుడు ఈయనే సంతలో అమ్మేశాడు.

"చాల్లేప్పా! తపేలా సొట్ట తీయమంటే బొక్క పెట్టినోడివి, నువ్వు కారు చేసినావా?"

తపేలా సంగతి నిజమే. ఒక్కసారి ఆ కారు ఈమె చేతికి తగిలితే చాలు, అనుకునేవాడు.

ఒక పొద్దున పలకల మధ్య ఫొటోలు తీయడానికి ఎవరో నీలం కారు తెచ్చారు. అదే కారు! ఆయన ఆలోచించేలోపే చెయ్యి వెళ్లి దాని వీపు మీద పడింది. ఐదు వేళ్లూ బురదతో అచ్చుపడ్డాయి.

"ఏయ్, ఎవరయ్యా నువ్వు?" అని అరిచాడు కెమెరా మనిషి.

దీన్ని చేసినోణ్ని అనాలి. బురద చెయ్యి చూసుకున్నాడు. "తుడిచేవాణ్ని సార్," అన్నాడు.

"అయితే మొత్తం తుడువు." మెత్తటి గుడ్డలు రెండు చేతికొచ్చాయి.

కరియమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ వచ్చి, ఎడమ పక్క అందుకుంది. కాసేపటికి నవ్వు ఆగింది. ఆమె గుడ్డ పక్కన పెట్టి, సంతలో జీవాన్ని బేరమాడేటప్పటిలా కళ్లు మూసుకుని, నడుము పట్టి చూస్తోంది.

"ఈడ చిన్న గుంత ఉండాది," అంది మెల్లగా. "నా పొట్టేల్ని పిల్లగా ఉన్నప్పుడు కుక్క పట్టిన చోటు."

"ఊఁ."

"అమ్మేసినావని ఇన్నేండ్లు తిట్టుకుంటి గదప్పా నిన్ను."

"అయ్యిందా?" కెమెరా మనిషి కేక.

"లేదు సార్, ఈడింకా మురికుండాది," అని, తళతళలాడుతున్న ఆ చోటునే మళ్లీ నిమిరింది కరియమ్మ.