మూడో అచ్చు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క తెగిపోయిన హవాయి చెప్పు కనబడితే వదిలేది కాదు. నారాయణఖేడ్ బస్టాండు వెనక గల్లీలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఎవరి చెప్పు తెగినా ఆ గోడ మీద పెట్టేవాళ్లం, సాయంత్రానికల్లా అది మాయమయ్యేది. చెప్పుల దొంగ అని ఆమెను ఆటపట్టించేవాళ్లం. ఆమె ఆ రబ్బరును కడిగి ఎండబెట్టి, సగం విరిచిన బ్లేడుతో పువ్వులూ చిలకలూ చెక్కేది. వెనక ఖాళీ దారపు రీలు అంటిస్తే అది పిడి. డబ్బా మూతలో పాత గుడ్డ పరిచి, తుమ్మ జిగురు కలిపిన సిరా పోస్తే అది స్టాంపు ప్యాడు. కొత్త సంవత్సరం వస్తుందంటే చాలు, గల్లీ పిల్లలమంతా డ్రాయింగు కాగితాలు పట్టుకుని గ్రీటింగు కార్డుల కోసం ఆమె గడప ముందు చేరేవాళ్లం.

ఆ ఏడు మాత్రం నాకు కార్డు కావలసింది సరదాకు కాదు. మా అమ్మకు క్షయ. వానలు వెనకపట్టేసరికి దగ్గుతో పాటు రక్తం పడటం మొదలైంది. నాన్న ఆమెను పట్నంలో పెద్ద దవాఖానలో చేర్పించి తానూ అక్కడే ఉండిపోయాడు. ఆ వార్డులోకి పిల్లలను రానివ్వరు. నేను, చెల్లె, ఇంకా మాటలు సరిగ్గా రాని తమ్ముడు, ముగ్గురం నాయనమ్మ దగ్గర మిగిలాం. బోరంచ నల్లపోచమ్మకు నాయనమ్మ మొక్కని మొక్కు లేదు. చిన్నాన్న అప్పుడప్పుడు బస్సులో వెళ్లి చూసి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ "మంచిగైతది" అనేవాడు, నా ముఖం చూడకుండా. అమ్మ బతకదని నాతో ఎవరూ అనలేదు. కోపిష్టి నాయనమ్మ కూడా నాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టింది. దాంతో నాకు అర్థమైపోయింది.

పోయేలోపు అమ్మ మమ్మల్ని ఒక్కసారి చూడాలి. అంతకుమించి దేవుణ్ణి కూడా నేనేమీ అడగలేదు. ఫోటో తీయించాలన్న ఆలోచన మా ఇళ్లల్లో పెళ్లికి తప్ప ఎవరికీ రాదు. అమ్మకూ నాన్నకూ చదువు రాదు కనక ఉత్తరం రాస్తే ఎవరో పరాయివాళ్లు చదివి వినిపించాలి. అందుకే బొమ్మల కార్డు పంపుదామని అక్క దగ్గరికి వెళ్లాను.

నేను గులాబీ ముద్ర ఎంచుకుంటే ఆమె దాన్ని పక్కకు నెట్టేసింది. "మీ అమ్మ పువ్వుల్ని జూస్తదా? మిమ్ముల జూస్తది గని" అంది. కొత్త రబ్బరు ముక్క తీసి, రెండు చేతులూ చాచిన పిల్ల బొమ్మ ఒకటి చెక్కింది. అదే ముద్రను ముగ్గురికీ అద్ది, నాకూ చెల్లెకూ జడలు, తమ్ముడికి మొలతాడు పెన్నుతో గీద్దామంది.

అప్పుడు తనకు ఎంతో ఇష్టమైన ఉపాయం చూపించింది. ముద్రకు రంగు ఒక్కసారే అద్ది, మళ్లీ ప్యాడు తాకకుండా వరసగా మూడు అచ్చులు వేయడం. మొదటిది ముదురుగా వస్తుంది, రెండోది లేతగా, మూడోది పొగమంచులో మనిషిలా. ముదురు బొమ్మ నేను, లేతది చెల్లె, మరీ లేతది తమ్ముడు. "చిన్నోడు దూరంకెల్లి ఉరికొస్తున్నట్టు లేదా?" అని అక్క మురిసిపోయింది. నిజంగానే అలా ఉంది. అమ్మ నాగల్‌గిద్ద వైపు జొన్నచేలలో పెరిగిన మనిషి. అందుకని మా బొమ్మల మీద కాగితం ముక్కలు కప్పి, పెన్సిలు వెనక ఉండే రబ్బరుతో చుక్కలు చుక్కలుగా అద్ది జొన్నకంకులు చేశాం. కాగితాలు తీసేస్తే చేను మా వెనక నిలబడింది. అంత అందమైన కార్డు బజారులో కూడా లేదని నాకు గర్వంగా ఉండింది.

చిన్నాన్న దాన్ని తీసుకుపోయి, తిరిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు. అమ్మ కార్డు చూసిందట. చాలా రోజుల తరువాత లేచి కూర్చుందట. నా బొమ్మనూ చెల్లె బొమ్మనూ గుర్తుపట్టి నవ్విందట. మొలతాడు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది. అమ్మ మాటల్లో కన్నడం కలిసేది. తమ్ముణ్ణి కూసు అని పిలిచేది, అంటే పసిపాప అని. "నా కూసు గిట్ల ఎండిపోయిండేంది? నా బీమారి వానికి అంటింది. మీరు నాతోని దాస్తున్రు" అని ఏడుపు అందుకుందట.

అది రంగు తక్కువై అలా వచ్చిందని నాన్నా చిన్నాన్నా ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? నెలల తరబడి అందరూ ఆమెతో చెప్పినవి అబద్ధాలే. మంచిగైతవు, ఇంటికి పోదాం, డాక్టరు ఏం భయం లేదన్నాడు. అన్ని అబద్ధాల మధ్య ఒక్క నిజం చెబితే అది కూడా వాటిలో కలిసిపోయింది. నాకు ఇంకో భయం పట్టుకుంది. అమ్మ చెప్పిందే నిజమేమో, తమ్ముడు కూడా పోతాడేమో అని ఆ రాత్రంతా వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ పడుకున్నాను.

గోడ అవతల నుంచి అక్క అంతా విన్నది. తెల్లారేసరికి మా వాకిట్లో ఉంది. "తప్పు నాది అవ్వా. ఆమె కండ్లతోని నేను సూడలే" అని నాయనమ్మతో అంది. మళ్లీ కార్డు మొదలుపెట్టింది. ఈసారి ప్రతి బొమ్మకూ రంగు కొత్తగా అద్దింది. చివరికి ఆ ముద్రను కూడా పక్కన పడేసి, తమ్ముడి బొద్దు చేతికి రంగు పూసి కార్డు మధ్యలో అదిమింది. ఆ చేయి ఎలా ఉంటుందో అమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. వాడు కిలకిలా నవ్వి, మిగిలిన రంగు నాయనమ్మ చీరకు తుడిచాడు.

ఆ కార్డును తానే తీసుకుపోతానంది అక్క. పెళ్లి కావలసిన పిల్ల క్షయ వార్డుకు పోవడమేమిటని వాళ్లమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. అయినా చిన్నాన్నతో కలిసి బస్సెక్కింది.

మరునాటి సాయంత్రం ఆమె ఒక్కతే తిరిగి వచ్చింది. తన ఇంటికి కూడా పోకుండా నేరుగా నా ముందుకు వచ్చి నేల మీద కూర్చుని, కార్డు నా ఒళ్లో పెట్టింది. "నీకు అబద్ధం జెప్ప బిడ్డా. మేం వోయేటాలకే మీ అమ్మ పాణం వోయింది. ఇది సూడలే."

తమ్ముడికి బాగాలేదనుకుంటూనే పోయిందా అని అడిగాను. ఆమె నా ముఖంలోకి చూస్తూనే చెప్పింది. "అవును. మీ నాయిన్ను అడిగిన. ఆఖరుదాకా వాన్నే తలుసుకుందట."

చుట్టూ చేరిన ఆడవాళ్లు ఆమె మీద విరుచుకుపడ్డారు. చూసి నవ్వి కళ్లు మూసిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయిందని తిట్టారు. నాకూ ఆమె మీద కోపమే వచ్చింది. ఆ కార్డు ముట్టబుద్ధి కాలేదు. కానీ దినాలన్నీ అయిపోయాక ఒకరోజు ఆమె తమ్ముణ్ణి చంకనేసుకుని ఊరి దవాఖానకు పోయి, పరీక్ష చేయించి తీసుకొచ్చి, "వానికేం లేదు" అంది. నేను నమ్మాను. మా ఇంట్లో ఎవరు ఆ మాట అన్నా నమ్మేదాన్ని కాదు. ఆ రాత్రి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టకుండా నిద్రపోయాను.

అక్క పెళ్లయి కంగ్టికి వెళ్లిపోయింది, ఇప్పుడు బతికి లేదు. రంగు ఒక్కసారి అద్ది మూడు అచ్చులు వేయడం మళ్లీ ఆమె దగ్గర నేను చూడలేదు.

నేనిప్పుడు ముసలిదాన్ని. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన కూర్చున్నప్పుడు మంచిగైతవు అనే మాట నా నోట రాదు. అడిగితే తెలిసింది చెబుతాను. తెలియకపోతే చేయి పట్టుకుంటాను. రాతిగుండెది అని చుట్టాల్లో పేరు పడింది, పడనీ. అక్క దగ్గర నేర్చుకున్నది నాకు ఇంతమంది దగ్గర పనికొచ్చింది, అమ్మ దగ్గర తప్ప. తమ్ముడికి యాభై దాటాయి. పొట్ట పెరిగిందని కోడళ్లు వాణ్ణి ఏడిపిస్తుంటారు. వాడు కంచం ముందు కూర్చుని కలుపుకుని కలుపుకుని తింటుంటే నేను తినడం ఆపి వాణ్ణే చూస్తాను. వాడు బాగున్నాడని అమ్మకు తెలియదు. ఇక తెలిసేదీ లేదు.