గాలి వెనక్కి రాలేదు

సున్నపురాయి అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా జగిత్యాల దిక్కు నల్లరాయిలో బోరు కొడితే, గాలి దుమ్మును ఎత్తుకొని అదే రంధ్రంలోంచి పైకొస్తుంది. మేం పనికొచ్చిన సౌదీలోని అల్ ఖర్జ్ రాయి అలా కాదు. భూమి కదిలి చీలిన చోట నీళ్లు సున్నాన్ని కరిగించి పగులును సొరంగం చేసి పెడతాయి. పగులు వెంట నీళ్లు కాలవలా పారతాయి. దాని అంచున రాయి నలిగి పిండిలా బిగిసిపోతే మాత్రం అవతలికి చుక్క దాటదు. అందుకే ఇంజనీరు మా కొత్త బోరును ఆ పగులు మీదే, తోటలోని పాతబావి వరుసలోనే గుర్తుపెట్టాడు.

ఆ పొద్దున ఆ బావిలో మా అక్క మొగుడు ఉన్నాడు. చెడిపోయిన మోటారు విప్పడానికి నడుముకు తాడు కట్టుకొని దిగాడు. తాడు కొస గట్టు మీది ఇనుప గుంజకు కట్టాం. నేను బోరుబండి కంప్రెసర్ దగ్గర ఉన్నాను.

ఉన్నట్టుండి బోరుకు గ్యాప్ తగిలింది, కింద రాయి లేదు, ఖాళీ. దుమ్ము రావడం ఆగిపోయింది, గాలంతా లోపలికే పోతోంది. మా ఫోర్‌మన్ కూడా మా జిల్లావాడే, నల్లరాయిలో ఆరితేరినవాడు.

"గాలి వాపస్ వస్తలేదా? ఇంకింత కొట్టాలె! మన దిక్కు ఎన్ని బోర్లు ఎయ్యలే!" అంటూ తనే కంప్రెసర్ గాలి పిడి తిప్పాడు.

పాతబావిలోంచి ధన్‌మని మోత. బురద, రాళ్లు తాడిచెట్టంత ఎత్తు లేచాయి. గాలి పగులు వెంట పోయి బావ మీద పేలుతోంది!

"బంద్ జెయ్యే అన్నా! లోపట బావ ఉన్నడు!"

"బంద్ జేస్తే బోరు బిట్టు లోపటనే ఇరుక్కుంటది! జర ఆగు!"

వాడి బిట్టు తగలెయ్య! పైపుపానా ఎత్తి నెత్తి మీద ఒక్కటిచ్చాను. కుప్పకూలాడు. ఎర్రబటన్ గుద్ది బావి దగ్గరికి ఉరికాను. ఆ దెబ్బకు నేను ఈరోజుకీ బాధపడను.

తాడు లాగుతుంటే బరువే తప్ప కదలిక లేదు. వెనక ఇంకో రెండు చేతులు తాడు పట్టాయి. ఫోర్‌మన్! ముఖమంతా నెత్తురు, వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"గుంజురా, గుంజు!" అంటున్నాడు.

బావ పైకొచ్చాడు. బతికే ఉన్నాడు. నుదురు చిట్లింది, రెండు చెవుల్లోంచి నెత్తురు కారుతోంది. ఇసుకలో పడుకోబెట్టి, "బావా, అయిపోయింది. మిషన్ బంద్ జేసిన," అన్నాను.

బావ నా నోటివంక చూశాడు. చెవులు రెండూ మూసుకొని గొంతు చించుకున్నాడు.

"బంద్ జెయ్యుర్రి రా! మీకు దండం పెడ్తా, మిషన్ బంద్ జెయ్యుర్రి!"