ఎలుగుబంటి నడిచే దారి

మాదాపూర్‌లో నేను పనిచేసిన అంతస్తుకు చుట్టూ అద్దాల కిటికీలే. కానీ వాటి తెరలు ఎప్పుడూ దించే ఉండేవి. క్లయింటు సమాచారం బయటికి పొక్కకూడదట. ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. బయట వాన కురుస్తోందో ఎండ కాస్తోందో, టీకి కిందికి దిగితే తప్ప తెలిసేది కాదు. కుర్చీలోంచి లేవగానే స్క్రీన్ మీద ఒక గడియారం తిరగడం మొదలుపెట్టేది. మనం ఎంతసేపు లేమో అది లెక్క పెడుతుంది.

నలభై దాటాక దొరికిన ఉద్యోగం అది. కూతురు కాలేజీకి ఎదిగేదాకా ఇంటిపట్టునే ఉండి, మళ్ళీ పని వెతుక్కుంటే ఏడాదిపాటు ఎవరూ పిలవలేదు. ఇక్కడ పిలిచారు. మధ్యలో మానేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చేది లేదని ముందే చెప్పారు. మావారికి వేరే జిల్లాకు బదిలీ అయింది, వారాంతాల్లో వచ్చేవారు. కొత్తగూడ ఫ్లాట్‌లో నేనూ మా అమ్మాయీ. మానేయాలని ఉందని ఎప్పుడైనా అంటే, ఈ వయసులో ఇంకొకటి దొరకడం తేలికా అని ఆయన నెమ్మదిగా అనేవారు. ఆయన అన్నది నిజమే కావడం వల్ల నాకు ఇంకా ఉక్కగా ఉండేది.

పని ఏమిటంటే, ఒక ప్రయాణాల యాప్ కోసం ప్రపంచంలోని జూలనూ సఫారీ పార్కులనూ పోల్చడం. చూడడానికి వెళ్ళినవాళ్ళు తీసి పెట్టిన చిన్న చిన్న వీడియోలు మా ముందుకు వచ్చేవి. ఒక్కోదానికి రెండు మార్కులు వేయాలి. జంతువును ఉంచిన ఎన్‌క్లోజర్ ఎలా ఉందో ఒకటి, జంతువు ఎలా ప్రవర్తిస్తోందో ఒకటి. చదువుకున్న చదువుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా రోజంతా జంతువులను చూడడమే పని అంటే మొదట్లో సంబరపడ్డాను.

బోనుల్లో ఉన్నవి అవా మనమా అని టీ దగ్గర అందరూ జోకులు వేసేవారు. నాకు ఆ పోలిక నచ్చేది కాదు. సాయంత్రమైతే మేం ఇంటికి వెళ్ళేవాళ్ళం.

చూడగా చూడగా కొన్ని సంగతులు అర్థమయ్యాయి. కొత్తగా కట్టిన జూలలో రంగు వేసిన సిమెంటు బండలు, కృత్రిమ జలపాతం, నిలువెత్తు గాజుగోడ ఉండేవి. జనం వాటికి ఎగబడి పొగడ్తలు రాసేవారు. కానీ ఆ నీళ్ళలోకి దిగిన పులిని నేను చూడలేదు. ఆ బండ కింద నీడే ఉండదు. మరోచోట తుప్పు పట్టిన కమ్మీల వెనక నేల మాత్రం మట్టినేల, ఎక్కడానికి ఒక మోడు, దాక్కోవడానికి ఒక పొద. అక్కడి జంతువు మనుషులను పట్టించుకోకుండా తన పనిలో తాను ఉండేది. సఫారీలు ఎకరాల కొద్దీ విశాలంగా ఉన్నా, సింహాలు మాత్రం మాంసం పెట్టే గది తలుపు దగ్గరే పడి ఉండేవి. మిగతా అడవంతా బస్సుల్లోంచి చూసే మనుషులకే. స్థలం ఎక్కువైతే బతుకు బాగుంటుందన్న నా నమ్మకం అలా కొంచెం కొంచెంగా సడలింది.

నా పక్క సీటు అమ్మాయి బోరబండలో పుట్టి పెరిగింది. రోజూ అక్కడ లోకల్ రైలెక్కి వచ్చేది. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేది. వీడియోలో ఏనుగు ఒకే చోట నిలబడి తల అటూ ఇటూ ఊపుతుంటే మొదటిసారి నాకు చూపించింది ఆమే. జనం అది డాన్సు చేస్తోందని రాశారు. "డాన్సు కాదక్కా, కట్టేసి కట్టేసి గిట్లయింది," అని ఆమె వీడియో ఆపేసింది.

మా రూలు పుస్తకం ప్రకారం, కదులుతున్న జంతువు చురుకైనది. చురుకైనదానికి మంచి మార్కు. నిద్రపోతున్నదానికి తక్కువ.

ఇబ్బంది ఒక ఎలుగుబంటితో మొదలైంది. పొరుగు రాష్ట్రంలోని ఒక సఫారీ పార్కు నుంచి వచ్చే వీడియోల్లో అది కనిపించేది. రోడ్డు పక్కనే నడుస్తూ ఒక రాయి దాకా వచ్చి, మెడ పైకెత్తి తిప్పి, వెనక్కి మళ్ళేది. కొన్ని వీడియోల్లో ఎండ, కొన్నింటిలో వాన, తీసినవాళ్ళు వేరు వేరు. అదే రాయి, అదే మెడ విరుపు. అది నడిచే చోట గడ్డి లేకుండా నున్నగా దారి పడిపోయింది. బస్సులోని పిల్లలు కేరింతలు కొట్టేవారు, ఎలుగుబంటి తమకోసమే వస్తోందని.

నేను దానికి తక్కువ మార్కు వేసి, ఇది చురుకుతనం కాదు, మతి చెడి తిరగడమని కారణం రాశాను. మార్కు తప్పని వెనక్కి వచ్చింది. మళ్ళీ అలాగే వేశాను. మళ్ళీ వచ్చింది. మా టీమ్ లీడ్ గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. గొంతు పెంచి ఎరగడు. పిలిచి కూర్చోబెట్టాడు.

"మేడమ్, మీ ముందున్న వీడియో ఒక్కటే చూడాలండి. పాతవి గుర్తు పెట్టుకుని మార్కు వేయకూడదు."

"గుర్తుంటే ఏం చేయమంటారండి?" అన్నాను.

తన పైవాళ్ళు తనను అడుగుతారని చెప్పాడు. నా తప్పుల శాతం పెరిగిందని నన్ను మళ్ళీ శిక్షణకు పంపారు. ఒక వారంపాటు చిన్న గదిలో ఒక్కదాన్నే కూర్చుని, కదిలే జంతువు చురుకైనదని చెప్పే పాఠాలు విన్నాను. ఆ గదికి కిటికీ కూడా లేదు. ఏసీ గాలి సరిగ్గా నా మెడ మీదికే కొట్టేది. పాఠం మధ్యలో ఆపితే మొదటినుంచి మొదలయ్యేది. ఇంటికి వెళ్ళాక కూడా ఊపిరి పూర్తిగా అందనట్టుండేది. అన్నం వడ్డిస్తూ ఊరికే చిరాకు పడితే, మా అమ్మాయి కంచం తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

తిరిగి సీటుకు వచ్చిన రోజున పక్క సీటు అమ్మాయి అంది: "అక్కా, గిట్ల పరేషాన్ అయితే నువ్వు ఈడ ఉండలేవు. పోయి చూసొద్దాం పా. నువ్వు చెప్పింది నిజమైతే నీ మనసన్నా నిమ్మళం అయితది."

వాళ్ళమ్మను ఒప్పించి ఆమె, మా అమ్మాయిని మావారికి అప్పజెప్పి నేను, ఒక శుక్రవారం రైలెక్కాం. పొరుగు రాష్ట్రంలోని ఆ ఊళ్ళో దిగాక శనివారం పాత జూకు, ఆదివారం ఊరి బయట ఉన్న సఫారీకి అనుకున్నాం.

జూలోనూ ఒక ఎలుగుబంటి ఉంది. కందకం వెనక చిన్న చోటు. మా పద్ధతిలో అయితే ఆ చోటుకు చాలా తక్కువ మార్కు పడుతుంది. కానీ పొద్దున్నే ఎవరో దుంగల బొరియల్లో తినడానికి ఏవో కూరి, పైన ఆకులు కప్పి వెళ్ళారు. అది ఒక్కో దుంగనూ దొర్లించి, గోళ్ళతో గీరి, మూతి పెట్టి జుర్రుతోంది. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. జనం వచ్చి, ఇది ఇటు తిరగదేమిటని విసుక్కుని వెళ్ళిపోతున్నారు. మేం మెట్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాం.

మర్నాడు సఫారీ బస్సెక్కాం. కిటికీలకు ఇనుప వల. సింహాలను దాటాక రెండు గేట్లు వచ్చాయి. మొదటి గేటు మా వెనక మూసుకున్నాకే రెండోది తెరుచుకోవాలి. మొదటిది మూసుకుంది. రెండోది తెరుచుకోలేదు.

డ్రైవర్ హారన్ కొట్టాడు, ఫోన్లో మాట్లాడాడు. గేటు మోటారు చెడిపోయిందని, మనుషులు వస్తున్నారని, ఎవరూ దిగకూడదని చెప్పాడు. ఇంజను ఆపేశాడు. దాంతో ఫ్యాన్లు ఆగాయి. రెండు గేట్ల మధ్య బస్సు పట్టేంత చోటే ఉంది. వెనక సింహాల అడవి, ముందు ఎలుగుల అడవి. బస్సులో చంటిపిల్ల ఏడుపు అందుకుంది. ఒక పెద్దాయన చొక్కా గుండీలు విప్పుకుని, తలుపు తీయమని డ్రైవర్‌ను బతిమాలడం మొదలుపెట్టాడు. నాకు చిన్న గదిలోని ఏసీ గాలి గుర్తొచ్చింది. పక్కన ఆ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ముందు గేటు కమ్మీల్లోంచి అది కనిపించింది. అదే ఎలుగుబంటి. ఛాతీ మీద తెల్లటి గుర్తు, రాయి, మెడ విరుపు, వెనక్కి. వీడియోలో చూసినప్పుడు వినపడని చప్పుడు ఒకటి ఉంది. మళ్ళినప్పుడల్లా గోళ్ళు రాతికి గీసుకుంటున్నాయి.

అంతసేపు దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. వీడియోలు అర నిమిషం మించవు. ఇక్కడ ఆపే వీలూ లేదు, వెళ్ళే వీలూ లేదు. మా బస్సు ఇరుక్కుపోవడంతో వెనక బస్సులనూ ఆపేశారు. రోడ్డు మీద ఇంజను చప్పుడే లేదు. చాలాసేపటికి ఎలుగుబంటి రాయి దాకా వచ్చి ఆగింది. రోడ్డు వైపు చూసింది. మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగింది. తర్వాత ఆ దారి వదిలేసి పొదల వైపు వెళ్ళింది. అక్కడ కొంచెం ఎత్తుగా ఉన్న మట్టిని ముందుకాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. మట్టి వెనక్కి ఎగిరిపడుతోంది. మధ్యమధ్య గుంటలో మూతి పెట్టి బుస్సుమని ఊది, లోపలికి పీల్చేది. నిన్న జూలో విన్న చప్పుడే.

"బస్సులు బందయినయ్ కదక్కా, గందుకే," అంది ఆ అమ్మాయి గుసగుసగా.

నేను అనుకున్నది సగమే నిజమని అప్పుడు తెలిసింది. ఆ జంతువు చెడిపోలేదు. దానికి తవ్వడం తెలుసు, తవ్వడానికి చోటూ ఉంది. బస్సులే దాన్ని రోడ్డు పక్కకు లాగి పెడుతున్నాయి. అంత అడవి ఇచ్చి, దాన్ని ఆ గీత మీద నిలబెట్టారు.

మరికాసేపటికి మనుషులు వచ్చి గేటును చేత్తో తోసి తెరిచారు. ఇంజను స్టార్ట్ అయింది. ఎలుగుబంటి తల ఎత్తి, తవ్వుతున్న గుంటను అలాగే వదిలేసి, రోడ్డు పక్కకు వచ్చి నడక మొదలుపెట్టింది. బస్సులో అందరూ తేరుకుని ఫోన్లు బయటికి తీశారు. మేం తీయలేదు.

తిరిగి వచ్చాక చూసిందంతా టీమ్ లీడ్‌కు చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. రాసి ఇమ్మంటే ఇచ్చాను, పైకి పంపాడు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. వీడియోలో కనిపించని విషయాలను లెక్కలోకి తీసుకోలేమని. ఆ తర్వాత ఆ ఎలుగుబంటి వీడియోలు నాకు రాకుండా చేశారు. పక్క సీటుకు వచ్చేవి. ఆమె తక్కువ మార్కు వేసేది, అది వెనక్కి వచ్చేది, మళ్ళీ తక్కువే వేసేది. చివరికి ఆమెను కూడా ఆ చిన్న గదికి పంపారు. ఒక రోజు కూర్చుంది. రెండో రోజు రాలేదు. ఇంటి దగ్గరే ఏదో ఒకటి చూసుకుంటానని, ఫికర్ చేయొద్దని ఫోన్ చేసి చెప్పింది. అంత తేలిగ్గా ఎలా లేచి వెళ్ళగలిగిందో అని అసూయ పడ్డాను. తర్వాత ఆలోచిస్తే, తేలిక అని నేనెలా అనుకున్నానో నాకే తెలియలేదు.

నేను ఉండిపోయాను. ఒకరోజు టీ దగ్గర టీమ్ లీడ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. పిల్లలకు సెలవులని, జూకు తీసుకెళ్తే మంచిదా సఫారీకా అని అడిగాడు.

"ఏదైనా ఒకటేనండి. ఒక్క జంతువు దగ్గర గంట కూర్చోండి," అన్నాను.

వెళ్ళొచ్చాక మళ్ళీ టీ దగ్గర ఆయనే చెప్పాడు. పిల్లలు పది నిమిషాలకే విసుక్కుంటే వాళ్ళ అమ్మ ఐస్‌క్రీమ్ కొనిపెట్టడానికి తీసుకెళ్ళిందట. తను మాత్రం నీటిగుర్రం దగ్గర కూర్చుండిపోయాడట. అదేం చేసిందని అడిగాను.

"ఏమీ చేయలేదండి. నీళ్ళలోనే ఉంది. నాకు లేవబుద్ధి కాలేదు," అన్నాడు. అప్పటికే పైన మా స్క్రీన్ల మీద గడియారం తిరుగుతోందని గుర్తొచ్చి, ఇద్దరం లిఫ్ట్ వైపు నడిచాం.