నాకు రాని భాషల నేననుకున్న మాట

దయ్యాలను నమ్మినోన్ని కాదు నేను. ఇప్పటికీ నమ్మను. మా చొప్పదండిల ఎవరికన్న గాలి సోకిందంటే, "ముందుగాల జరమేమో చూడుండ్రి" అనేటోన్ని. ఇది చదివి మీరు నమ్మాల్నని కూడా అడుగుత లేను. జరిగింది జరిగినట్టు రాస్తున్న, అంతే.

మాది మగ్గం పట్టిన ఇల్లు. బాపు నేసేటోడు, అవ్వ కండెలు చుట్టేది. ఇంట్ల తెలుగే. బడి మాత్రం ఉర్దూ, నిజాం కాలం గదా. లెక్కలన్నీ నాకు ఉర్దూలనే తలకెక్కినయి. కోపమొస్తే ఉర్దూ. అవ్వ యాదికొస్తే తెలుగు.

తర్వాత రాజ్యం మారింది, బడుల భాష మారింది. నేను తెలుగుల చెప్పే పంతులునైన. నల్లబల్ల మీద "ఏడెనిమిదులు యాభై ఆరు" అని రాస్తుంటే, చెయ్యి కదిలేకంటే ముందే లోపల "సాత్ అట్ఠే ఛప్పన్" అనేది. ట్రైనింగుల మాకు పాఠం చెప్పే పెద్దసారు ఒకపారి అడిగిండు, "నువ్వు ఏ భాషల ఆలోచన చేస్తవయ్యా?" అని. చూద్దామని లోపలికి తొంగి చూస్తే ఆలోచనే ఆగిపోయింది. సారు నవ్విండు. "ఎవనికీ తెల్వదు పో" అన్నడు.

ఆంధ్రప్రదేశ్ అయినంక రెండో ఏడో మూడో ఏడో, ఖానాపూర్ దాటి అడవిల ఒక గోండు గూడేనికి నన్నేసిండ్రు. అప్పుడే వానలు మొదలైనయి. గోండి నాకు ఒక్క ముక్క రాదు. నీళ్లు కావాల్నన్నా దోసిలి పట్టి సైగ చేసేది. ఊరి పటేల్ ఒక్కడే, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేటోడు. పిల్లలు పందొమ్మిది మంది. నేనేం చెప్పినా నా మూతి దిక్కు చూసేటోళ్లు తప్ప వాళ్లకు సమజయ్యేది కాదు.

బడి అంటే మట్టిగోడల కొట్టం, మీద గడ్డి కప్పు. వెనుక గోడకు ఆనుకొని రోజూ ఒక పిల్ల కూసునేది. ఎనిమిదేండ్లుంటయి. హాజరు బుక్కుల పేరు సోంబాయి. తల్లి పోయిన ఏడు జరమొచ్చి చచ్చిపోయిందని, ముసలవ్వ సాదుతుందని పటేల్ చెప్పిండు. అంతకు మించి నాకేం తెల్వదు. నేను పోయి ఇంకా నెల కూడా నిండలే.

ఆ రోజు మూడు రోజుల ముసురు తర్వాత జర తెరిపిచ్చింది. పొద్దున పదిగంటలైతుండొచ్చు. పిల్లల హాజరు అడుగుదామని పటేల్ గొంగడి కప్పుకొని వచ్చి గుమ్మంల నిలవడ్డడు. నేను ఎక్కం రాస్తున్న. లోపల ఎప్పటి లెక్కనే ఉర్దూ నడుస్తుంది.

నడుమల ఒక ఆలోచన వచ్చింది. గోడ పడుతుంది, పిల్లల్ని బయటికి పంపాలె అని.

ఇక్కడ జర ఆగి చెప్పాలె. నాకు ఏ గొంతూ వినరాలే. వినొస్తే ఇంత పరేషాన్ అయ్యేటోన్ని కాదు, చెవి తప్పనుకునేటోన్ని. అది నా సొంత ఆలోచన లెక్కనే వచ్చింది. తొవ్వల గుంత కనపడితే పక్కకు జరగాల్నని ఎట్లనిపిస్తదో అట్ల. గోడ దిక్కు నేను తిరగనే లేదు.

గట్టిగ అరిచిన. ఏమని అరిచిన్నో నాకు ఎరుక లేదు, తెలుగుల అరిచిన్ననే అనుకున్న. పిల్లలందరు ఒక్కపారి లేచి గుమ్మం దిక్కు ఉరికిండ్రు. సోంబాయి లేవలే. పలక పట్టుకొని కండ్లు పెద్దగ చేసి నన్నే చూస్తుంది. ఆ పిల్లను పేరు పెట్టి పిలిచిన. సోంబాయీ అని పిలిచిన్ననే అనుకున్న. పలక ఇడిసిపెట్టి ఉరికొచ్చి నా కాళ్లకు చుట్టుకుంది. ఎత్తుకొని బయటపడ్డ. పదడుగులు వేసిన్నో లేదో, వెనుక గోడ పెద్ద సప్పుడుతోని లోపలికి కూలింది. కప్పు సగం దాని మీద పడ్డది.

పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టిన. పందొమ్మిది మంది ఉన్నరు.

పటేల్ నన్నే చూస్తున్నడు. గోడ దిక్కు చూస్త లేడు.

"పంతులూ, మా మాట ఎన్నడు నేర్సినవ్?" అన్నడు.

"ఏం మాట?"

"గిప్పుడు మాట్లాడినవ్ గదా. మా గోండిలనే అంటివి. లేవుండ్రి, గోడ వస్తుంది, అని. మా ఆడోళ్లు ఎట్లంటరో అట్లనే అంటివి."

నేను తెలుగుల అన్ననన్న. పటేల్ తల అడ్డం తిప్పిండు. "తెలుగుల అంటే మా పోరగాండ్లకు తెలుస్తదా?"



సాయంత్రం ముసలవ్వ వచ్చింది. నా ముందర నిలవడి, గదవ పట్టి, నోరు తెరువుమన్నట్టు చూసి ఏదో అడిగింది. పటేల్ తెలుగుల చెప్పిండు. నేను ఆ పిల్లను సోంబాయి అని పిలవలేదట. ఇంకో పేరుతోని పిలిచిన్నట. తల్లి ఇంట్ల ముద్దుకు పిలుచుకునే పేరట అది. "గా పేరు నాకే తెల్వదు పంతులూ. నీకు ఎవలు చెప్పిండ్రని అడుగుతుంది" అన్నడు పటేల్.

ఎవలూ చెప్పలే. ఆ పేరు ఏందో కూడా నాకు యాదికి లేదు. ముసలవ్వ చెప్తే మళ్లా విన్న. అంతకుముందు విన్నట్టే అనిపియ్యలే.

తర్వాత నేను చాన తీర్ల ఆలోచించిన. దగ్గర దగ్గర నెల రోజులు చుట్టూ ఆ మాటలే గదా, చెవిల పడి ఎక్కడనో దాగుంటయి, భయానికి బయటపడ్డయేమో. గోడ నానిన వాసన ముక్కుకు తగిలి ఉంటదేమో. అది ఒప్పుకుంట. పేరు సంగతే సమజైత లేదు. ఏ పిల్లన్న ఆ పేరుతోని పిలిచిందా అని ఒక్కొక్కల్ని అడిగించిన. ఎవ్వలకూ తెల్వదు.

ఆ గూడెంల నాలుగేండ్లున్న. గోండి నేర్చుకున్న, సంతల బేరం చేసేటంత వచ్చింది. కాని ఎన్నడూ ఆ భాషల నాకు ఆలోచన రాలే. ముందు తెలుగుల అనుకొని, తర్వాత మార్చి చెప్పుడే.

బదిలీ అయి వచ్చేనాడు ఎడ్లబండి దాకా సోంబాయి వచ్చింది. అప్పటికి నా దగ్గర తెలుగు మంచిగ నేర్చింది. బండి కట్టె పట్టుకుంది. తెలుగులనే అడిగింది:

"పంతులూ, చచ్చిపోయిన మా అవ్వ నీకు ఇంకేమన్న చెప్పిందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలే. కండ్లు మూసుకొని లోపల దేవులాడిన. తెలుగు ఉంది, ఉర్దూ ఉంది.

"లేదు బిడ్డా" అన్న.

సరే అన్నట్టు తల ఊపి, బండి కట్టె ఇడిసిపెట్టింది.

ఆ మాట నాలోకి ఎట్లొచ్చిందో, వచ్చి నా ఆలోచన లెక్కనే ఎట్ల కూసుందో, ఈ రోజుకు కూడా నేను చెప్పలేను.