తనఖా పెట్టిన గుడ్డు

ఆ ఏడాది మా సందులో పోయినవి లెక్క వేస్తే ఇలా తేలుతుంది. నెమళ్లు ముప్ఫై ఒకటి. వీధికి అడ్డం వేయడానికి నరికిన చెట్లు మూడు, వాటిలో ఒకటి కాపు మీదున్న పనస. తిరిగి ఇంటికి రాని కుర్రాళ్లు ఇద్దరు. వాళ్ల గురించి రాసే హక్కు వాళ్ల తల్లులది, నాది కాదు. నాకు వస్తుందనుకున్న ఉద్యోగం ఒకటి. ఇవన్నీ అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఇంకొకటుంది. ఒక గుడ్డు. అరచేతిలో ఇమిడేది. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెప్పలేకే మీకు చెబుతున్నాను.

మాది యాంగాన్‌లో, అంటే మన వాళ్ల రంగూన్‌లో, సంచౌంగ్ పేట. మా సందు చివర ఒక పాత బంగళా ఉండేది. కొట్లన్నీ సర్కారు పరం చేసిన రోజుల్లో దాని యజమాని ఓడెక్కి వెళ్లిపోయాడు. సరదాకి ఇండియా నుంచి తెప్పించుకున్న రెండు జతల నెమళ్లు ఇక్కడే ఉండిపోయాయి. తోటమాలి వాటిని పెంచాడు. అవి పెరిగాయి, పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలూ పిల్లల్ని పెట్టాయి. తోటమాలి పోయాక అతని భార్య ఆదెమ్మ వాటికి దిక్కయింది. ఆమెకు పిల్లల్లేరు. పక్కింట్లో ఉండేది. నేను అత్తా అని పిలిచేదాన్ని.

ఈ దేశపు నెమలి మెడ ఆకుపచ్చగా ఉంటుంది. మావి నీలం మెడవి. బర్మా వాళ్లు వాటిని కలా దౌంగ్ అనేవారు, అంటే ఇండియా నెమలి. మమ్మల్నీ కలా అనే అనేవారు కాబట్టి, పక్షుల మీద ఫిర్యాదు వచ్చినప్పుడల్లా అది మా మీద కూడా వచ్చినట్టే ఉండేది. ఫిర్యాదుల్లో అబద్ధం లేదు. తెల్లవారకముందే రేకుల కప్పుల మీద గెంతేవి. సైకిల్ రిక్షా అద్దంలో తమ మొహమే చూసుకుని దాన్ని పొడిచేవి. బర్మా వాళ్ల చిన్‌బౌంగ్, మన గోంగూర ఒకటే ఆకు. ఎవరి పెరట్లోదైనా తేడా చూపకుండా మేసేవి. అయినా వాన వచ్చే ముందు ఒకటి గోడెక్కి పురి విప్పితే, తిట్టడానికి బయటికొచ్చినవాళ్లు కూడా నోరు మూసుకుని నిలబడేవారు.

చివరికి వార్డు కౌన్సిల్ తీర్మానించింది. పక్షుల్ని వలవేసి పట్టి ఊరి బయటి అడవికి తోలాలి. పట్టుబడనివాటి గూళ్లు వెతికి, గుడ్లు ఉడకబెట్టి, మళ్లీ అదే గూట్లో పెట్టాలి. గుడ్లు తీసేస్తే నెమలి మళ్లీ పెడుతుంది. ఉడికినవైతే పొదుగుతూ కూర్చుంటుంది. తెలివైన పద్ధతి. ఇప్పటికీ అదే మాట అంటాను.

లెక్కకు నన్ను తీసుకున్నారు. నేను నాలుగో తరగతితో ఆపేశాను. బోటాటౌంగ్ రేవులో బస్తాలు లెక్కపెట్టే మా నాన్న పక్కన నిలబడి నేర్చుకున్నదే నా చదువు. అప్పట్లో నలభై అయిదు, తొంభై క్యాట్ల నోట్లు వచ్చి బజారంతా తికమక పడుతుంటే, చిల్లర ఎంతో నోటితో చెప్పేదాన్ని. అది చూసి కౌన్సిల్ గుమాస్తా నన్ను పిలిచాడు. ఆయన్ని ఊలే అనేవాళ్లం, మామయ్యలాగన్నమాట. "ఈ పని మచ్చ లేకుండా చేశావంటే పర్మనెంటు చేయిస్తా" అన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ మాట తలదిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ముప్ఫై ఒకటి లారీ ఎక్కాయి. వలకు చిక్కనిది ఒక్కటే మిగిలింది, ముసలి ఆడ నెమలి. ఆదెమ్మత్త దాన్ని దొరసాని అనేది. బంగళా వెనక పొదలో నాలుగు గుడ్ల మీద కూర్చుని ఉంది. నేను బుట్ట పట్టుకుని వెళ్లేసరికి అత్త అప్పటికే అక్కడుంది.

"ఓలే, నాలుగూ ఉడకేత్తావేటే?"

"ఆర్డరత్తా. నాలుగూ."

"దొరసాని ముసిల్దైపోనాది. వొచ్చే ఏడు గుడ్డెడతాదో ఎట్టదో. మీ మావ సేతిమీద పెరిగిన జాతే ఇది. ఒక్కటొగ్గీయే. ఒక్కటంటే ఒక్కటి."

"ఊలే లెక్క అడుగుతాడు."

"లెక్క నీ నోట్లోదే కదే! తొంబై నోటుకి సిల్లర సెప్పీదానివి, ఒక్క గుడ్డు దాసలేవా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె వేలితో తన బుగ్గ మీది తనఖా తీసి ఒక గుడ్డుకు బొట్టు పెట్టింది. తనఖా అంటే ఇక్కడి ఆడవాళ్లు చల్లదనానికి బుగ్గలకు రాసుకునే చెక్క గంధం. మా తెలుగు వాళ్లకు ఆ మాట ఎప్పుడూ వేళాకోళమే. మొహం తనఖా పెట్టేశావా అని ఒకరినొకరు ఏడిపించుకుంటాం.

"ఇదిగో, ఇది నీకాడ తనకా ఎడతన్నాను. పిల్లయ్యాక ఇడిపించుకుంటాను" అంది.

సరే అత్తా అన్నాను. అన్నప్పుడు అబద్ధం కాదు.

ఇంటికెళ్లి నీళ్లు మరగబెట్టాను. మూడు వేశాను. నాలుగోది చేతిలో ఉంది, వెచ్చగా. రేపొచ్చి గూట్లోంచి ఒక గుడ్డు పగలగొట్టి చూస్తానని ఊలే చెప్పి ఉన్నాడు. నాలుగింట్లో ఒకటి పచ్చిది. ఆయన చేతికి అదే తగిలే అవకాశం పావు వంతు. పావు వంతు ఎక్కువా, తక్కువా? తొంభై నోటుకైతే వెంటనే చెప్పేదాన్ని. ఉద్యోగానికీ, ఒక ముసలామె మాటకూ మధ్య పావు వంతు ఎంతో నాకు తెలియలేదు. ఎక్కువనుకున్నాను. నాలుగోదీ వేశాను.

నీళ్లలో బొట్టు కరిగిపోయింది. గుడ్డు ఆరబెట్టి, నా బుగ్గ మీది తనఖా వేలితో తీసి, అదే చోట, అంతే బొట్టు మళ్లీ పెట్టాను. నాలుగూ తీసుకెళ్లి గూట్లో పెట్టొచ్చాను.

ఉడకబెట్టడం భయం వల్ల. అది నాకు అర్థమవుతుంది. మరి ఆ బొట్టు? అది దేనివల్ల? ఆమెకు బాధ కలగకూడదనా, నన్నెవరూ పట్టుకోకూడదనా? రెండూ నిజమే అనుకుంటాను ఒక్కోసారి. ఒక్కోసారి మొదటిది నేను తర్వాత కల్పించుకున్నదేమో అనిపిస్తుంది.

ఊలే రావలసిన రోజు తారీఖులో నాలుగు ఎనిమిదులున్నాయి: ఎనిమిదో నెల ఎనిమిది, ఎనభై ఎనిమిది. ఆ పేరుతోనే ఊరు ఇప్పటికీ ఆ రోజును గుర్తుపెట్టుకుంది. పొద్దున్నే, సర్కారు దిగిపోవాలని అరిచే జనంతో వీధులు నిండిపోయాయి. ఊలే రాలేదు. మర్నాడూ రాలేదు. కౌన్సిల్ ఆఫీసుకు తాళం పడింది. నా లెక్కలో అన్నీ వేసుకున్నాను, అసలు చూసేవాడే రాకపోవచ్చన్నది వేసుకోలేదు.

ఊరేగింపుల్లో విద్యార్థులు పట్టుకున్న జెండాల మీద నెమలి ఉండేది. అత్త అరుగు మీద కుండ పెట్టుకుని నడిచే పిల్లలకు మంచినీళ్లు ఇస్తూ, "ఇది మన నెమిలి కాదే, మెడ పచ్చన సూడు. పోనీలే, నెమిలి నెమిలే" అనేది. తర్వాత సందులకు వెదురు కంచెలు పడ్డాయి. ఎవరి సందు వాళ్లే కాపలా. బజారు లేదు, బస్సు లేదు. అత్త తన ముద్దలో సగం దొరసానికి పట్టుకెళ్లేది. సగం ముద్ద తిన్నవాళ్లెవరైనా ఆమెలా నవ్వుతారా? ఆమె నవ్వేది.

"ఇంకెన్నాళ్లే?" అని రోజూ అడిగేది.

ఇరవై ఎనిమిది రోజులు పడుతుందని చెప్పాను. అయిపోయాయి. వాన చలికి ఆలస్యమవుతుందత్తా, ఇంకో ఆరు అన్నాను. అవీ అయ్యాయి. మళ్లీ ఆరు. ప్రతిసారీ వేళ్ల మీద లెక్క కట్టినట్టు నటించాను. ఆమె కంచె దగ్గర కాపలా కుర్రాళ్లకు నన్ను చూపించి గర్వంగా చెప్పేది, మా గుంట లెక్క తప్పదని.

మూడోసారి ఆరు చెప్పిన వారంలోనే ఊరి మీద సైన్యం దిగింది. కర్ఫ్యూ పెట్టారు. తుపాకుల చప్పుడుకు దొరసాని గూడు వదిలి ఎగిరిపోయింది. నాకెంత తేలికైందో చెప్పలేను. దాన్ని సాకుగా పెట్టుకోవచ్చు కదా! అత్తను ఓదార్చడానికి వెళ్లాను. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. పొట్ట మీద పాత గుడ్డతో ఏదో మూట కట్టుకుంది.

"ఆరు రోజులన్నావు కదే. ఇంకా నాలుగున్నాయి. దానికి లెక్క రాదు, లేసెల్లిపోనాది. నాకు నీ లెక్క తెలుసు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాలేదు. గుమ్మంలో నిలబడ్డాను. నోరు తెరిచాను కూడా. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పక్కకి తిరక్కత్తా. పగిలిపోద్ది."

నాలుగు రోజులూ ఆమె పక్కకి తిరగలేదు. అయిదో రోజు దాన్ని గోంగూర మడిలో పాతిపెట్టి, అదే మడి ఆకు కోసి పులుసు వండి నాకు తెచ్చింది. అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పింది. "గుంట లెక్కలో తప్పు లేదు. గుడ్డే మంచిది కాదు." ఆ పులుసు తిన్నాను. రుచిగానే ఉంది. ఈ వాక్యం రాయడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

దొరసాని తిరిగొచ్చింది. రెండేళ్లు బతికింది. మళ్లీ గుడ్డు పెట్టలేదు. ఆ కౌన్సిలూ లేదు, ఆ ఉద్యోగమూ లేదు. చౌక్తడాలో కొట్లకు లెక్కలు కట్టి బతికాను. నా లెక్క తప్పదనే పేరు అక్కడిదాకా నాతో వచ్చింది.

అత్త ఇంకో తొమ్మిదేళ్లుంది. పొద్దున్న రాతి మీద తనఖా అరగదీస్తూ నేను కనిపిస్తే, "నా తనకా ఎప్పుడిత్తావే?" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. పచ్చి గుడ్డు కదిపితే లోపల కదులుతుంది, ఉడికింది కదలదు. జీవితమంతా వంట చేసిన మనిషి. నాలుగు రోజులు పొట్ట మీద పెట్టుకున్న మనిషి. ఆమెకు తెలియలేదా? తెలిసే అడిగేదా, నేనెప్పటికైనా చెబుతానేమోనని? ఈ లెక్క నాకు తేలలేదు. చివరి రోజుల్లో పక్కనే కూర్చున్నాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు మీకు చెప్పాను. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. రాశాక చెయ్యి కాస్త తేలికగా ఉంది, అంతే. ఆమె నన్ను అడిగింది ఎన్ని? ఒక్కటంటే ఒక్కటి. నేను తిరిగి ఇవ్వవలసింది, ఈ రోజుకీ, ఒకటి.