రెండో వైపు కాపలా

నా చిన్నప్పుడు ఒక ఏడాది నా పొట్ట మా ఊరందరిదీ అయిపోయింది. స్నానం చేయిస్తుంటే ఎడమవైపు గట్టిగా ముద్ద తగులుతోందని మా అమ్మ కనిపెట్టింది. ఇక ఇంటికి వచ్చినవాళ్లల్లా నా చొక్కా ఎత్తి నొక్కి చూడడమే. మా గుంటూరు వైపు పల్లెల్లో పిల్లల పొట్ట గట్టిపడితే బల్ల అనేవాళ్లు. పసుపుకొమ్ము కాల్చి చురకలు పెడితే కరుగుతుందని నమ్మకం. మా నాయనమ్మ కొమ్ము సిద్ధం చేసి, మంచిరోజు కోసం ఆగింది. ఎనభైల్లో కూడా ఇదేం మూర్ఖత్వమని నాకు ఇప్పటికీ కోపం దిగదు.

ఆ మంచిరోజు రాకముందే నాకు మూత్రం ఎర్రగా వచ్చింది. మా నాన్న భయపడి చీరాలలో రైలెక్కించి మద్రాసు తీసుకెళ్లాడు. అక్కడి ఆసుపత్రిలో తెలుగు డాక్టరమ్మ ఒకావిడ పొట్ట మీద వేళ్లు ఆనీ ఆననట్టు చూసి, ఇక దీన్ని ఎవరూ నొక్కడానికి వీల్లేదంది. కిడ్నీలో క్యాన్సర్ గడ్డట. నొక్కితే లోపలే పగిలి పొట్టంతా పాకుతుందట. ముందు సూదిమందు ఎక్కించి గడ్డను చిన్నది చేసి, ఆ తరువాతే కోస్తామంది.

ఆ వారాలు నాకు జైలే. కిటికీకి ఊచలు, చేతికి సూది, నోటినిండా పుళ్లు. జుట్టు దిండు మీద రాలిపోయేది. ఇంటికెప్పుడని అడిగితే మా నాన్న "ఎంతలే, రేపో ఎల్లుండో" అనేవాడు. ఆ రేపు ఎన్నిసార్లు తెల్లవారిందో. చివరికి అడగడం మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఆపరేషన్ అయింది. గడ్డతోపాటు ఆ కిడ్నీ కూడా తీసేశారు. మా నాన్న సంచి సర్దాడు. అప్పుడొచ్చి డాక్టరమ్మ, ఇంకా మందు ఎక్కించాలి, ఆ తరువాత ఏళ్ల తరబడి స్కానింగుకు వస్తూనే ఉండాలి అంది.

"తీసేశారు గదమ్మా, ఇంకా దేనికండీ?" అన్నాడు మా నాన్న.

నేను మంచం ఊచ పట్టుకుని, మీరంతా అబద్ధాలకోర్లని ఏడ్చాను. ఆవిడ మా నాన్నకు జవాబు చెప్పకుండా నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏరా, మీ చేలో ఆఖరి తీత అయ్యాక పత్తి కట్టె ఏం చేస్తారు?"

"పీకి తగలబెడతాం."

"పత్తంతా తీశారుగా. కట్టె ఉంటే ఏం?"

"విచ్చుకోని కాయల్లో పురుగుంటదిగా. మళ్లీ ఏడు చేనంతా తింటది."

"నీలోంచి తీసిన కిడ్నీని కోసి, పెద్దది చేసి చూపించే అద్దంలో చూశాంరా. గడ్డ పక్కనే చిన్న చిన్న పచ్చి ముక్కలున్నాయి. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే కిడ్నీగా మారాల్సినవి, మారకుండా మిగిలిపోయాయి. మందుకు కొన్ని ఎండాయి, కొన్ని ఎండలేదు. ఇలాంటి గడ్డలు వాటిలోంచే లేస్తాయి. రెండో కిడ్నీలో కూడా అవి ఉండొచ్చు."

"అయితే దాన్నీ పీకెయ్యండి."

ఆవిడ నవ్వలేదు. "ఉన్నది అదొక్కటే. దాన్ని పీకితే నువ్వెట్టా బతుకుతావు? అందుకని కాపలా కాయాలి. ఏదైనా లేస్తే గోరంత ఉన్నప్పుడే పట్టుకోవాలి."

"లేస్తదా?"

"నాకు తెలియదురా," అంది.

అంత పెద్ద డాక్టరు, ఏడేళ్ల పిల్లవాడికి ఆ మాట చెప్పింది. నన్ను పట్టిన భయం ఆ రోజేమీ నన్ను వదల్లేదు. కానీ అది ఎంత పెద్దదో, ఎటువైపు ఉందో తెలిశాక గోడవైపు తిరగడం మానేశాను.

మరుసటి ఏడు మిరపకాయ కల్లంలో ఆరబోసి ఉండగా స్కానింగు గడువొచ్చింది. వచ్చే నెల పోదాంలేరా అన్నాడు మా నాన్న. నేను చెప్పులేసుకుని బస్సుదారి పట్టాను. తిట్టుకుంటూ వెనకే వచ్చాడు. అలా మీసాలొచ్చేదాకా పోయాం. రెండో వైపు ఏదీ లేవలేదు.

బడి చదువు ఆ మంచాల మీదే పోయింది. తరువాత నాకు నేనే అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా వాళ్లలో ఏ పిల్లకో పిల్లవాడికో జబ్బుచేస్తే పెద్దలంతా వరండాలో గుసగుసలాడుకుంటారు. నేను లోపలికి పోయి మంచం పక్కన కూర్చుని, నాకు తెలిసినంతా చెబుతాను. తెలియనిదాన్ని తెలియదంటాను. పసివాళ్ల దగ్గర అవేం మాటలని బయట నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ.